చెవుల మాస్టారు

మా అన్నయ్య డ్రైవింగ్ నేర్పిస్తాడు. నేర్పించేవాడు అనాలి, నా నోటికి ఇంకా అలవాటు కాలేదు. ఇరవై ఆరేళ్ళు నేర్పించాడు. మా చుట్టుపక్కల వీధుల్లో స్టీరింగ్ పట్టిన ప్రతివాళ్ళూ ఎప్పుడో ఒకప్పుడు ఆయన చేత చీవాట్లు తిన్నవాళ్ళే. అందరూ ఆయన్ని చెవుల మాస్టారు అంటారు. వెటకారానికి పెట్టిన పేరు కాదది, గౌరవంతో పెట్టిందే. ఇప్పుడు ఎవరైనా ఆ పేరుతో పలకరిస్తే నేను మాట మార్చేస్తాను.

ఆ పేరెలా వచ్చిందంటే, నేర్పే కారులో స్పీడు చూపించే మీటరు మీద ఆయన ఒక అట్టముక్క అంటించేవాడు. చెప్పుల పెట్టె మూత కొలిచి, కత్తెరతో గుండ్రంగా కత్తిరించి, పై అంచుకి మాత్రం టేపు వేసేవాడు. నేర్చుకునేవాళ్ళు మాటిమాటికీ కిందికి చూడకూడదట. "కళ్ళు రోడ్డుకియ్యి, చెవులు ఇంజనుకియ్యి" అనేవాడు. బండి పోతూ ఉండగా "ఇప్పుడెంత?" అని అడిగేవాడు. వాళ్ళు "ముప్పై" అనో "నలభై" అనో బిక్కుబిక్కుమంటూ చెప్పాలి. "కాదు, ముప్పై ఆరు" అని అట్ట ఎత్తి చూపించేవాడు. ముల్లు సరిగ్గా ముప్పై ఆరు మీదే ఉండేది. వాళ్ళు నోరెళ్ళబెట్టేవాళ్ళు. ఆయన మాత్రం ఏమీ జరగనట్టు కిటికీలోంచి బయటికి చూసేవాడు. లోపల ఎంత పొంగిపోయేవాడో నాకు తెలుసు, నా తోడబుట్టినవాడే కదా.

నేను ఆ స్కూలు ముందుగదిలో బల్ల దగ్గర కూర్చుంటాను. ఒక ఫోను, ఒక రిజిస్టరు, రెండు ప్లాస్టిక్ కుర్చీలు, గోడ మీద రోడ్డు గుర్తుల పటం. వదిన పోయినప్పుడు పిల్లకి నాలుగేళ్ళు. నాలుగు రోజులు సాయంగా ఉండి వెళ్దామని వచ్చాను. పద్నాలుగేళ్ళయింది. వెనక్కి వెళ్ళి చూసుకోవాల్సిన సంసారం నాకూ ఏం లేదు లెండి, ఆ కథ ఇక్కడ అనవసరం. వెనక రెండు గదుల్లో మేం ముగ్గురం ఉంటాం, ముందుగదిలో స్కూలు.

మా ఇంట్లో మామూలు గొంతుతో మాట అనేది ఎప్పుడు మాయమైందో నేను చెప్పలేను. ఒక్కరోజులో పోలేదు. మొదట ఒకసారి చెప్పింది రెండోసారి చెప్పేవాళ్ళం. తరవాత రెండోసారి చెప్పే ఓపిక లేక మొదటిసారే గట్టిగా చెప్పడం మొదలుపెట్టాం. పక్కవాటాలో బట్టలు కుట్టే ఆవిడ ఒకరోజు గుమ్మంలోకి వచ్చి "ఏంటండీ, పొద్దున్నే గొడవ పడుతున్నారు?" అని అడిగింది. "గొడవా పాడా! కూరలో ఉప్పు సరిపోయిందా అని అడుగుతున్నానమ్మా" అన్నాను. ఆవిడ నవ్వింది, నేనూ నవ్వాను. అన్నయ్య మాత్రం తన చెవుల్ని ఒక్కనాడూ అనుమానించలేదు. "ఈ కాలం పిల్లలు నోట్లో నోట్లో గొణుగుతారు" అనేవాడు. ఫోను మోగితే "లైను సరిగ్గా లేదు, నువ్వు మాట్లాడు" అని నా చేతికిచ్చేవాడు. ఎవరేం చెప్పినా ఆయన నా మొహం చూసేవాడు, నేను గట్టిగా అందించేదాన్ని. అది నా ఉద్యోగంలో భాగమైపోయింది.

మనుషుల మాట కాస్త మందగించినా ఇంజను మాట మాత్రం ఆయనకి వినపడుతుందని మా అందరి నమ్మకం. పిల్లకైతే అది నమ్మకం కూడా కాదు, పొద్దు తూర్పున పొడుస్తుందన్నంత ఖాయం.

నాకు ఆ నమ్మకం రెండేళ్ళ క్రితమే పోయింది. అప్పటికే ఆయన అట్ట ఎత్తి చూపించడం మానేశాడు, అంత పేరొచ్చాక ఇంకా రుజువెందుకని. ఒకరోజు పోస్టాఫీసులో పనుండి, నేర్పే బండిలోనే వెనక సీట్లో ఎక్కాను. మందుల షాపులో పనిచేసే కుర్రాడు నడుపుతున్నాడు. వాడు భయంతో గేరు మార్చడం మర్చిపోయి రెండో గేరులోనే లాగుతున్నాడు. ఇంజను గొంతు చించుకుని ఏడుస్తోంది. నా చెవులే హోరెత్తిపోయాయి. అన్నయ్య హాయిగా కిటికీ మీద మోచెయ్యి పెట్టుకుని "బాగుంది, అలాగే పోనీ" అన్నాడు. ఆ కుర్రాడు అద్దంలోంచి నా వైపు చూశాడు.

అప్పుడే చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. చెబితే డ్రైవింగ్ నేర్పడానికి సర్కారిచ్చిన బ్యాడ్జి పోతుంది, బ్యాడ్జి పోతే స్కూలు పోతుంది, స్కూలు పోతే మనిషి కుంగిపోతాడు. పైగా ఆయన పెద్దవాడు, నన్ను ఎత్తుకు పెంచినవాడు. "నీకు చెవుడొచ్చింది" అని ఏ నోటితో చెప్పను? రెండేళ్ళకోసారి బ్యాడ్జికి వైద్య పరీక్ష ఉంటుంది కానీ, ఆ డాక్టరు కూడా అన్నయ్య దగ్గర నేర్చుకున్నవాడే. "మాస్టారికి పరీక్షేమిటండీ" అని కళ్ళు మాత్రం చూసి సంతకం పెట్టేవాడు.

నేను చేసిన నిర్వాకం ఏమిటంటే, మర్నాడు మందుల షాపు కుర్రాడు రిజిస్టర్లో సంతకం పెట్టడానికి వచ్చినప్పుడు వాడి చెవిలో చెప్పాను. "ఆయన అటు చూస్తున్నప్పుడు అట్ట ఎత్తి మీటరు చూసుకో. మాస్టారితో అనకు." వాడు తలూపాడు. అప్పట్నుంచి కొత్తగా చేరిన ప్రతివాళ్ళకీ అదే మాట. సంతకం పెట్టించుకోవడం, ఆ మాట చెప్పడం. అందరూ బుద్ధిగా పాటించారు. ఎవరికీ ఏ ప్రమాదమూ జరగలేదు. నేనెంత తెలివైనదాన్నో అని నాకు నేనే మురిసిపోయాను.

ఒక్క మా పిల్లకే చెప్పలేదు.

దానికి నేను చెప్పుకున్న కారణం కూడా ఉంది. దానికి దాపరికం చేతకాదు, కడుపులో మాట నిలవదు, నాన్నతో అనేస్తుంది అనుకున్నాను. పైగా అది నాన్న పక్కన కూర్చుని పెరిగింది. అది ఒకళ్ళు చెప్పాల్సిన పిల్ల కాదు అనుకున్నాను. పద్దెనిమిది నిండగానే మొదటిసారే లైసెన్సు తెచ్చుకుంది. పరీక్ష పెట్టిన ఇన్స్పెక్టరు "చెవుల మాస్టారి కూతురా, అయితే ఇంకేం" అన్నాట్ట. ఇంటికొచ్చి ఆ మాట గుమ్మంలోంచే అరిచి చెప్పింది.

దానికి చిన్నప్పటి నుంచి బండి నడిపే ఉద్యోగమే కావాలి. నేను ఎంత మొత్తుకున్నా వినలేదు. పెద్దాసుపత్రి వాళ్ళు రక్తం సంచులూ, పరీక్షల సీసాలూ ఒక ఆసుపత్రి నుంచి ఇంకో ఆసుపత్రికి చేరవేసే బండికి డ్రైవర్లని తీసుకుంటున్నారంటే దరఖాస్తు పెట్టింది. నలభై మందిలో ముగ్గుర్ని తీసుకున్నారు. ముగ్గురిలో చిన్నది ఇదే. రెండు నెలల్లో చేరాలి. లైసెన్సు ఒక్కరోజు కూడా రద్దయి ఉండకూడదు, అదొక్కటే షరతు. ఆ కాగితాన్ని ఎన్నిసార్లు చదివిందో, మడతల దగ్గర చిరుగులు పట్టాయి. "రక్తం బండి అంటే ఎవరో ఒకరు దాని కోసం మంచం మీద ఎదురుచూస్తుంటారత్తా" అనేది. ఆ మాట అన్నప్పుడు దాని మొహం చూడాలి.

అప్పుడే స్కూలుకి కొత్త కారు కొన్నాం. పాతది పాపం ఇక లాగలేనంది. కొత్తదాన్ని తీసుకొచ్చిన రోజే అన్నయ్య చెప్పుల పెట్టె వెతికి అట్ట కత్తిరించి మీటరు మీద అంటించాడు. రెండోరోజు బండి కాగితాల మీద ఏదో ముద్ర వేయించుకు రావడానికి తండ్రీ కూతుళ్ళిద్దరూ ఊరవతలి పెద్దరోడ్డు మీద వెళ్ళారు. పిల్ల నడుపుతోంది. కొత్త బండి ఇంజను మెత్తన, చప్పుడు తక్కువ. పిల్లకి అనుమానం వచ్చిందట. "నాన్నా, స్పీడెక్కువైందేమో?" అని గట్టిగానే అడిగిందట. "ఎక్కువేంటమ్మడూ, యాభై కూడా లేదు. నడుపు" అన్నాట్ట అన్నయ్య. అది తన చెవిని అనుమానించింది కానీ నాన్న చెవిని అనుమానించలేదు. అలాగే నడిపింది.

పదిహేను రోజులకి పోస్టులో నోటీసొచ్చింది. యాభై దాటకూడని చోట ఎనభై మూడు. కెమెరా తీసిన ఫోటో కూడా జత చేశారు. ఫోటోలో ఇద్దరూ నిటారుగా కూర్చుని రోడ్డు వంక చూస్తున్నారు. మా వీధిలో ఇట్లాంటివి దాగుతాయా? సాయంత్రానికల్లా ఎవరో అననే అన్నారు, ఊరందరికీ శకునం చెప్పిన బల్లి కుడితి తొట్టిలో పడ్డట్టుందని.

నోటీసు వెనక మూడు గడులున్నాయి. ఏదో ఒకదాంట్లో టిక్కు పెట్టి పంపాలి. మొదటిది, తప్పు ఒప్పుకుని జరిమానా కట్టేయడం. మామూలువాళ్ళకైతే దాంతో సరి. కానీ ఇరవై నిండనివాళ్ళకీ, కొత్త లైసెన్సుకీ ఆరు నెలలు రద్దు. రెండోది, తప్పు ఒప్పుకుని నాలుగు ఆదివారాలు క్లాసుకి వెళ్ళడం. అప్పుడు లైసెన్సు పోదు, పుస్తకంలో ఒక మాట రాసి వదిలేస్తారు. కాకపోతే బండిలో పక్కన పెద్దవాళ్ళెవరైనా ఉంటే, అది ఎలా జరిగిందో వాళ్ళు రాసి సంతకం పెట్టాలి. మూడోది, తప్పు కాదని వాదించడం. విచారణకి పిలుస్తారు. ఓడిపోతే ఏడాది రద్దు.

"రెండోది పెడదాం నాన్నా. నాలుగు ఆదివారాలే కదా" అంది పిల్ల. దాని గొంతులో కంగారు నాకు తెలుస్తోంది.

"కెమెరా తప్పు" అన్నాడు అన్నయ్య.

"ఫోటో ఉంది కదా."

"ఫోటోలో నువ్వున్నావు, నేనున్నాను. స్పీడు ఉందా? అది మిషను వేసుకున్న అంకె. నేను పక్కన కూర్చున్నాను. నేను విన్నాను. యాభై దాటలేదు."

"దాటిందేమో నాన్నా."

"దాటితే నాకు తెలీదా?" అన్నాడు. కోపంగా కాదు, ఆశ్చర్యంగా అన్నాడు. "ఆ రెండో గడికి నేనేం రాయాలి? నా కూతురు ఎనభై మూడులో పోతుంటే నేను పక్కన నిద్రపోతున్నానని రాయాలా?"

ఆయన పట్టిన కుందేటికి ఎప్పుడూ మూడే కాళ్ళు. కానీ ఆ రోజు నేను ఒక్కమాట అంటే నాలుగో కాలు కనపడేది. పిల్ల నా వంక చూసింది, సాయం పలకమని. నేను నోరు తెరిచాను. అన్నయ్య కూడా చూశాడు. "టీ పెడతాను" అని లేచి లోపలికెళ్ళాను. ఛీ, నా బతుకు! గిన్నెలో నీళ్ళు మరుగుతుంటే దాని ముందు నిలబడి నన్ను నేనే తిట్టుకున్నాను. బయటికొచ్చేసరికి మూడో గడిలో టిక్కు పెట్టేసి ఉంది. పిల్ల సంతకం పెడుతోంది. నాన్న మాట కాదనడం దానికి రాదు.

విచారణ రోజు అన్నయ్య బ్యాడ్జి తుడిచి చొక్కాకి పెట్టుకున్నాడు. ఆ ఆఫీసులో పొడుగాటి గది, ముందు బల్ల, వెనక మాలాంటివాళ్ళకి బెంచీలు. పైన ఫ్యాను గరగరమంటోంది. ఆఫీసరు మంచివాడే, వయసు మళ్ళినవాడు, తలొంచుకుని కాగితాలు చూస్తూ మాట్లాడే అలవాటు. మా వంతు వచ్చింది. తండ్రీ కూతుళ్ళిద్దరూ బల్ల ముందు నిలబడ్డారు. నేను బెంచీ మీద కూర్చున్నాను.

అన్నయ్య ముందుగానే తయారుచేసుకున్నదంతా గడగడా చెప్పాడు. ఇరవై ఆరేళ్ళ అనుభవం, మిషన్ల సంగతి, కొత్త బండి సంగతి. ఆఫీసరు ఓపిగ్గా విన్నాడు. కెమెరాని నెల నెలా సరిచూసిన కాగితం తీసి బల్ల మీద పెట్టాడు. తరవాత తలొంచుకునే "చిన్నపిల్ల. ఇప్పటికైనా మీరు జరిగింది చెబితే దీన్ని క్లాసు కిందికి మార్చేస్తాను. బండి వేగం పెరిగినప్పుడు మీరేం చేస్తున్నారు మాస్టారూ?" అని అడిగాడు.

అన్నయ్య నిటారుగా నిలబడి ఉన్నాడు. ఏమీ అనలేదు.

"మిమ్మల్నేనండీ. ఆ అమ్మాయికి ఏం చెప్పారు?"

అన్నయ్య ఆయన నడినెత్తి వంక మర్యాదగా చూస్తున్నాడు. నేను లేవబోయాను. లేచి అరిచి అందిద్దామనే. తలుపు దగ్గరి బంట్రోతు కూర్చోమని చెయ్యి చూపించాడు. ఆఫీసరు అప్పుడు తలెత్తాడు. కళ్ళజోడు తీశాడు. అన్నయ్యని చూశాడు, బ్యాడ్జిని చూశాడు, మళ్ళీ అన్నయ్యని చూశాడు. కలం చేతిలోకి తీసుకున్నాడు.

నాన్నకి ఆ రోజు ఇంజనూ వినపడలేదనీ, ఆ కలం ఇప్పుడు బ్యాడ్జి మీదికే వస్తోందనీ ఆ క్షణంలో పిల్లకి అర్థమైపోయింది. దాని వీపు చూస్తేనే నాకు తెలిసింది. ఒక్కడుగు ముందుకేసింది.

"తగ్గించమని చెప్పారండీ. రెండుసార్లు చెప్పారు. నేనే వినలేదు" అంది.

"ఏంటమ్మా?"

"కొత్త బండి కదా అని కావాలనే తోలాను. నాన్న తప్పేం లేదు."

"కావాలని అంటే ఏమవుతుందో తెలుసా? ఇక క్లాసు కుదరదు. ఏడాది."

"తెలుసండీ" అంది.

ఆయన కాసేపు దాన్నే చూశాడు. నమ్మాడో లేదో నాకు తెలీదు. రాసుకున్నాడు. అన్నయ్య పక్కనే నిలబడి, కూతురు తన తరఫున బాగా వాదిస్తోందనుకుని మెల్లగా తలూపుతున్నాడు. ఆ తలూపు నేను చచ్చేదాకా మర్చిపోను.

బయటికొచ్చాక "ఏం రాశాడు?" అని నన్నడిగాడు. "పోయిందన్నయ్యా" అన్నాను గట్టిగా. ఇంటికొచ్చేదాకా మిషన్లని తిడుతూనే ఉన్నాడు. ఇంటికొచ్చి పిల్ల లైసెన్సు కార్డు కవర్లో పెట్టి, ఏ అడ్రసుకి పంపాలో నన్నే రాయమంది. నేను రాశాను. "అసలేం జరిగిందే?" అని అడిగితే, వంటింట్లో గోడకానుకుని అంతా చెప్పింది. కారులో అడిగింది, నాన్న అన్నది, అంతా. "నాన్నకి చెప్పకత్తా, తట్టుకోలేడు" అంది. పద్దెనిమిదేళ్ళ పిల్ల నాకు చెబుతోంది, దాచమని! దాచడంలో నేనెంత ఆరితేరానో దానికేం తెలుసు? "అలాగేలే" అన్నాను. ఆసుపత్రి వాళ్ళు నాలుగో రోజున ఫోను చేసి, జాబితాలో తరవాతి మనిషిని తీసుకుంటున్నామని చెప్పారు. అది "సరేనండీ" అని ఫోను పెట్టేసి, బట్టలు ఆరెయ్యడానికి మేడ మీదికెళ్ళి చాలాసేపు రాలేదు.

తీర్పు కాగితం పదో రోజున వచ్చింది. నేను బజారుకెళ్ళాను, లేకపోతే అదీ దాచేసేదాన్నేమో. వచ్చేసరికి అన్నయ్య ముందుగదిలో నిలబడి చదువుతున్నాడు. పక్కన కూర్చున్న శిక్షకుడు వేగం తగ్గించమని రెండుసార్లు హెచ్చరించినా తాను వినలేదని డ్రైవరు స్వయంగా ఒప్పుకున్నందున, అని ఉంది అందులో. మూడుసార్లు చదివాడు. పిల్లని పిలిచాడు.

"నేను తగ్గించమన్నానా?"

"అన్నావు నాన్నా."

"అనలేదు. యాభై కూడా లేదు, నడుపు అన్నాను. నాకు జ్ఞాపకముంది."

అది తల దించుకుంది.

"అమ్మడూ, నా వంక చూడు. ఆ ఆఫీసరు నన్నేమైనా అడిగాడా?"

అది రెండు వేళ్ళు చూపించింది. రెండుసార్లు అడిగాడని.

అన్నయ్య కుర్చీలో కూర్చున్నాడు. ఇంజనుని అడక్కపోయినా, మీటరు చూడకపోయినా, ఆ రెండు వేళ్ళు చూశాక ఆయనకి మొత్తం తెలిసిపోయింది. ఫోను లైన్లు, గొణిగే పిల్లలు, మా అరుపులు, అన్నీ.

ఆ కాగితం పట్టుకుని అప్పటికప్పుడు ఆ ఆఫీసుకి వెళ్ళాడు. నన్నూ తీసుకెళ్ళాడు, అందించడానికి. కిటికీ అవతల కూర్చున్నావిడతో, అమ్మాయి చెప్పింది అబద్ధమనీ, వినపడనిది తనకనీ, ఏం రాయమంటే అది రాసిస్తాననీ చెప్పాడు. ఆవిడ కాగితం తిప్పి చూసింది. తీర్పు మార్చమని అడగడానికి వారం గడువట, చెప్పిన రోజు నుంచి లెక్కట, మూడు రోజుల క్రితమే అయిపోయిందట. "ఇంటికి కాగితం ఇవాళే వచ్చిందమ్మా" అన్నాను. "అందరూ అదే అంటారండీ" అంది ఆవిడ, జాలిగానే. నేను అన్నయ్యకి గట్టిగా చెప్పాను. వరసలో నిలబడ్డవాళ్ళంతా తిరిగి చూశారు. ఆయన బ్యాడ్జి విప్పి కిటికీలో పెట్టాడు. "వినపడనివాడు ఇది పెట్టుకోకూడదు. తీసుకోండి" అన్నాడు. ఆవిడ ఒక రసీదు ఇచ్చింది.

ఇంటికొచ్చి ఆ సంగతి చెబితే పిల్ల నిర్ఘాంతపోయింది. "మరి నేనెందుకు చెప్పాను నాన్నా అక్కడ? దేనికోసం చెప్పాను?" అని ఒకటే ఏడుపు. ఆయన దాని తల మీద చెయ్యి వేసి "ఇంకొకరి పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని ఎలా నేర్పనమ్మడూ?" అన్నాడు. ఒకరి కోసం ఒకరు ఉన్నదంతా ఇచ్చేసుకున్నారు, ఇద్దరికీ ఏమీ మిగల్లేదు. మధ్యలో ఏమీ ఇవ్వనిదాన్ని నేనొక్కదాన్నే.

రెండు రోజులు అన్నయ్య అన్నం సరిగ్గా తినలేదు. మూడో రోజు పొద్దున ముందుగదిలోకి వచ్చి రిజిస్టరు నా ముందు పెట్టాడు.

"గత మూడు నాలుగేళ్ళలో నా దగ్గర నేర్చుకున్నవాళ్ళందరికీ ఫోను చెయ్యి. మాస్టారికి చెవుడు, ఆయన మాట నమ్మి స్పీడు నేర్చుకున్నారు, ఇక చెవులు కట్టిపెట్టి మీటరు చూసి నడపమని చెప్పు. ఎవడైనా ఎవరినైనా గుద్దితే ఆ పాపం నాది."

"అందరికీనా?" అన్నాను.

"అందరికీ."

నా ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. వెనక గదిలో పిల్ల గిన్నెలు తోముతున్న చప్పుడు నాకు వినపడుతోంది. నేను మందుల షాపు కుర్రాడికి ఫోను కలిపాను. సంగతి చెప్పాను. వాడు "అయ్యో, మాస్టారు దిగులు పడొద్దని చెప్పండమ్మా. మీరు అప్పుడే చెప్పారు కదా, అట్ట ఎత్తి చూసుకోమని. నేనెప్పుడూ మీటరు చూసే నడుపుతాను" అన్నాడు.

"ఏమంటున్నాడు?" అన్నాడు అన్నయ్య.

"సరే అంటున్నాడు" అని అరిచాను.

తరవాత ఒక బడి పంతులమ్మకి చేశాను. ఆవిడా అదే అంది. పాలబూతు అతను అదే అన్నాడు, పైగా నవ్వాడు. "సరే అంటున్నారు", "సరే అంటున్నాడు." నాలుగు, అయిదు, ఆరు. ఏడోది కలపబోతుంటే అన్నయ్య చెయ్యి చాపి ఆపాడు. ఆయనకి పోయింది చెవులే, బుర్ర కాదు.

"అందరూ సరే అంటారేంటి? ఒక్కళ్ళూ ఎందుకని అడగరా? ఒక్కళ్ళూ బెదిరిపోరా?"

నేను ఫోను బల్ల మీద పెట్టాను.

"నీకు ముందే తెలుసా?" అన్నాడు.

"తెలుసు" అన్నాను. మామూలు గొంతుతో అన్నాను. గట్టిగా అనడానికి ధైర్యం చాల్లేదు.

"వినపడలేదు. మళ్ళీ చెప్పు."

సిగ్గుమాలిన సంగతులు ఎవరైనా గుసగుసగా చెప్పుకుంటారు. మా ఇంట్లో ఆ వీలు లేదు. బల్ల రెండు చేతులా పట్టుకుని అరిచాను. "తెలుసన్నయ్యా! రెండేళ్ళుగా తెలుసు! నేర్చుకోవడానికొచ్చిన వాళ్ళందరికీ నేనే చెప్పాను, నీకు తెలీకుండా మీటరు చూసుకోమని!"

వెనక గదిలో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. పిల్ల తడి చేతులతో గుమ్మంలోకి వచ్చి నిలబడింది. అన్నయ్య వంక చూడలేదు, నా వంకే చూసింది. దాని గొంతు అంత చిన్నగా నేనెప్పుడూ వినలేదు.

"మరి నాకెందుకు చెప్పలేదత్తా?" అంది.

అన్నయ్య దాని పెదాలు కదలడం చూశాడు. నా వైపు తిరిగాడు.

"ఏమంటోంది?" అని అడిగాడు.

ఏమీ లేదనొచ్చు. సరే అంటోందనొచ్చు. నేను ఊపిరి పీల్చుకుని గట్టిగా చెప్పాను.

"తనకెందుకు చెప్పలేదని అడుగుతోందన్నయ్యా."

ఆయన నా మొహం మీంచి చూపు తిప్పలేదు.

"అయితే చెప్పు" అన్నాడు.